ఒకే మాట మీదున్న గడియారాలు

“జవాబు పంపింది మూడూ ఇరవైకి. గంట మోగింది మూడూ నలభై రెండుకి. మధ్యలో ఇరవై రెండు నిమిషాలున్నాయి. అంతసేపూ నువ్వెక్కడున్నావు?”

“ఆ ఇరవై రెండు నిమిషాలు అసలు లేవు మేడమ్,” అంది అమ్మాయి.

డిటెక్టివ్ కుర్చీలో వెనక్కి వాలింది. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆవిణ్ణి ఎదురుగా మేడమ్ అనీ, చాటుగా కందిరీగ అనీ పిలిచేవారు. ఉద్యోగానికి దణ్ణం పెట్టి సొంతంగా బోర్డు కట్టుకున్నాక ఎదురూ చాటూ లేకుండా అందరూ కందిరీగ అనే అంటున్నారు. అందుకు ఆవిడేమీ నొచ్చుకోలేదు. కందిరీగని చూస్తే ఎంతటివాడైనా ఓసారి సర్దుకుని కూర్చుంటాడు కదా, ఆవిడకి కావలసిందీ అదే.

జరిగింది చెప్పుకోవడానికి పెద్దగా లేదు. నిన్న మధ్యాహ్నం యూనివర్సిటీ కంప్యూటర్ విభాగం కింది అంతస్తులో, సర్వర్ గదిలో ప్రొఫెసరుగారు పనిలో ఉండగా ఎవరో బయటి నుంచి గోడ మీది మీట నొక్కారు. లోపల నిప్పు పుడితే ఆర్పడానికి గదినిండా గ్యాస్ వదిలే మీట అది. ఆ గ్యాస్ నిప్పుకి ఊపిరాడనివ్వదు, మనిషికీ ఆడనివ్వదు. ఊరంతా మాస్టారూ అని పిలుచుకునే ఆ పెద్దాయన ఇప్పుడు ఆసుపత్రిలో ఒంటి మీద తెలివి లేకుండా ఉన్నాడు. గది తలుపు తెరిచింది ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఈ అమ్మాయి కార్డు. ఇన్స్పెక్టరుకి అంతకంటే ఏం కావాలి? సాయంత్రం ఐదింటికి అరెస్టని నిన్న రాత్రే తేల్చేశాడు.

మాస్టారి భార్య ఆసుపత్రి వరండాలోంచి పొద్దున్న ఫోన్ చేసింది. చాలా నెమ్మదైన మనిషి, మాట పక్కవాళ్లకి కూడా వినపడదు. “ఆ పిల్ల మా ఇంట్లో మనిషమ్మా. ఆయన లేస్తే ఆయనే చెబుతారు. లేచేదాకా ఆ పిల్లని తీసుకెళ్లకుండా ఆపండి చాలు,” అంది. కందిరీగ ఆ ఒక్క పని మీదే వచ్చింది. ఇప్పుడు టైము మూడున్నర దాటింది.

“లేవంటే ఎలా? నీ మిషనే చెబుతోంది కదా మూడూ ఇరవై అని.”

“నా మిషన్ గడియారం ఇరవై రెండు నిమిషాలు వెనక మేడమ్. నేను జవాబు పంపించాను, చెయ్యి ఇంకా మౌస్ మీదే ఉంది, కింద గంట మోగింది. పరుగెత్తుకెళ్లేసరికి అందరూ ఆయన్ని బయటికి లాగుతున్నారు.”

“పొద్దున్న పోలీసులు చూశారు. నీ గడియారం బాగానే ఉందన్నారు.”

“అదే నాకు అర్థం కావడం లేదు. మా ల్యాబ్‌లో ఏ గడియారమూ సరిగ్గా ఉండదు. మాస్టారు ఉండనివ్వరు.”

కందిరీగ కనుబొమలు పైకి లేచాయి. “ఉండనివ్వకపోవడం ఏమిటి?”

అమ్మాయి చేతులు ఒళ్లో పెట్టుకుంది. చదువు గురించి చెప్పమంటే భయం కాస్త వెనక్కి తగ్గినట్టుంది, గొంతు నిలదొక్కుకుంది.

“మా చదువంతా ఒక్క ప్రశ్న మేడమ్. ఎక్కడెక్కడో ఉన్న పది మిషన్లు కలిసి ఒకే పని చేస్తుంటాయి. ఒక్కోదానికి ఒక్కో గడియారం, ఏదీ నూటికి నూరుపాళ్లు సరైంది కాదు. అలాంటప్పుడు ఏది ముందు జరిగింది, ఏది వెనక జరిగింది? మాస్టారు నలభై ఏళ్ల నుంచీ అదే అడుగుతున్నారు. చిన్న కాలేజీలో, రెండు పాత కంప్యూటర్లూ ఒక టెలిఫోన్ తీగా పెట్టుకుని మొదలుపెట్టారట. మొదటి పేపరు మూడు చోట్ల తిప్పికొట్టారు. ఒకాయనైతే, మంచి గడియారం కొనుక్కోండి అని రాసి పంపాడట.”

కందిరీగకి నవ్వొచ్చింది. ఆపుకుంది.

“కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ మాస్టారు ఆ ముక్క చదివి వినిపిస్తారు. తర్వాత మన మిషన్ గడియారాన్ని తనే ముందుకో వెనక్కో తిప్పేస్తారు. దాన్ని సరిచేస్తే ఊరుకోరు. ఇక్కడ టైమడగొద్దు, ఎవరి మాట ఎవరికి చేరాక ఏం జరిగిందో అది అడుగు అంటారు. మాట చేరకుండా ఎవరికీ ఏదీ తెలియదు కదా, ఆ దారి పట్టుకుని వెళ్తే ఏది ముందో ఏది వెనకో అదే తేలుతుందంటారు.”

“నా పనీ అదే,” అంది కందిరీగ. “మాకెవరూ ప్రొఫెసరు పోస్టు ఇవ్వలేదంతే. సరే, నీ కార్డు సంగతేమిటి?”

“ఆయనకి తన కార్డు ఎక్కడ పెట్టారో ఏనాడూ గుర్తుండదు. నాది అడిగి తీసుకెళ్లారు. ఇన్స్పెక్టర్ గారికి చెబితే, మంచి కథే అన్నారు.”

“ఆయన మీద ఎవరికి కడుపుమంట?”

అమ్మాయి తలుపు వైపు చూసింది. బయట కానిస్టేబుల్ నీడ కదులుతోంది. గొంతు తగ్గించింది.

“ఇరవై ఏళ్ల క్రితం మాస్టారూ, ఆయన మొదటి స్టూడెంటూ కలిసి ఒక సిద్ధాంతం రుజువు చేశారు. అయిదు మిషన్లలో రెండు చచ్చిపోయినా మిగతా మూడూ ఒకే మాట మీద నిలబడే పద్ధతి. దానితోనే ఇద్దరికీ పేరొచ్చింది. ఆ స్టూడెంటే ఇప్పుడు మా హెడ్ గారు, వచ్చే నెల ఈ సంస్థకి డైరెక్టర్ కాబోతున్నారు. నా థీసిస్ నాలుగో అధ్యాయంలో ఆ రుజువు తప్పని తేలింది.”

“తప్పా?”

“పద్ధతి మంచిదే. చచ్చిపోయిన మిషన్ల వల్ల దానికి ఏ బాధా లేదు. కానీ మధ్యలో మాట మోసేవాడు మోసం చేసినా చెల్లుతుందని అందులో రాశారు. రుజువులో మాత్రం వాడు ఉన్నదున్నట్టే మోస్తాడని తెలియకుండానే అనుకుంటూ పోయారు. మాస్టారు చదివి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, అమ్మాయ్, మనది తప్పే, సోమవారం నీ వైవాలో నేనే లేచి ఆ మాట చెబుతాను అన్నారు. ఆ సంగతి ఆయనకీ నాకూ హెడ్ గారికీ తప్ప ఎవరికీ తెలియదు.” కళ్లనిండా నీళ్లు తిరిగాయి. “సోమవారం ఆయన ఉంటారా మేడమ్?”

కందిరీగకి లేనిది ఉన్నట్టు చెప్పే అలవాటు లేదు. లేచి అమ్మాయి భుజం మీద చెయ్యేసి, “పద, ఆ ల్యాబ్ చూపించు,” అంది.

కానిస్టేబుల్ వెనకాలే వచ్చాడు. ల్యాబ్ పొడుగాటి గది. రెండు వరసల బల్లలు, వాటి మీద కంప్యూటర్లు, అమ్మాయి మిషన్ ఉండాల్సిన చోట దుమ్ములో నలుచదరపు మచ్చ. దాన్ని పోలీసులు జీపులో పెట్టుకున్నారట. బయటి మెట్లు దిగి కింది అంతస్తుకి వెళ్తే సర్వర్ గది తలుపు. తలుపు పక్కన చిన్న తెర, దాని పక్కన గాజుమూత కింద ఎర్రమీట.

“ఈ తెర ఏమిటి?”

“లోపలికి ఎవరి కార్డు వెళ్లిందో వాళ్ల పేరు చూపిస్తుంది. బయటికొచ్చేదాకా అలాగే ఉంటుంది.”

కందిరీగ వంగి తలుపు హ్యాండిల్ కింద వేలితో రాసింది. కొత్త గీత. రంగు లేచిపోయి లోపలి ఇనుము మెరుస్తోంది. పక్కనే ఉన్న కుర్చీని లాక్కొచ్చి దాని వీపు హ్యాండిల్ కింద ఆనించి చూసింది. కుర్చీ వీపు మీది నొక్కూ, తలుపు మీది గీతా ఎదురెదురుగా వచ్చాయి. కుర్చీ అడ్డుపెట్టి, మీట నొక్కి, పని అయ్యాక కుర్చీ తీసేసి ఎవరి దారిన వాళ్లు పోయారన్నమాట. ఇది పొరపాటున చెయ్యి తగిలిన వ్యవహారం కాదు.

తర్వాత మెట్లెక్కి మళ్లీ ల్యాబ్‌లోకి వచ్చి, బల్లల మధ్య నడుస్తూ ఒక్కో తెర మీదా ఉన్న టైము చూసింది. చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చింది. తన ఫోన్ తీసి పక్కన పెట్టి చూసింది.

“అన్నీ ఒకటే చూపిస్తున్నాయి,” అంది అమ్మాయి నీరసంగా. “నిన్న మధ్యాహ్నం వరకూ ఒక్కోటి ఒక్కో టైములో ఉండేవి. ఒట్టు మేడమ్.”

“ఒట్టెందుకు? ఇలా వచ్చి చూడు. నా ఫోన్‌లో నాలుగూ రెండు. వీటిలో?”

అమ్మాయి చూసింది. “నాలుగూ ఎనిమిది.”

“ఈ పక్కదాంట్లో?”

“నాలుగూ ఎనిమిది. అన్నిట్లోనూ.”

“అన్నీ ఆరు నిమిషాలు ముందున్నాయి, సెకను కూడా తేడా లేకుండా. మీ మాస్టారు తిప్పితే తలోరకంగా ఉండాలి. ఊరికే సరిచేస్తే నా ఫోన్‌తో కలవాలి. అటూ కాలేదు, ఇటూ కాలేదు. నిన్న రాత్రి ఎవరో వీటన్నిటికీ తన గడియారం చూసి టైము పెట్టారు. పోలీసులు అన్నీ ఒకే మాట మీదున్నాయి కదా అని తలూపి వెళ్లిపోయారు.”

“అన్ని గడియారాలూ ఒక్కసారిగా మార్చడం ఒకరిద్దరికే వీలవుతుంది. మాస్టారికి, హెడ్ గారికి...” అమ్మాయి ఆగిపోయింది.

“నడు,” అంది కందిరీగ.

హెడ్ గారి గదిలో ఇన్స్పెక్టర్ సొంతింట్లో కూర్చున్నట్టు సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. బల్లకవతల హెడ్ గారు. యాభై దాటిన మనిషి, నీటుగా ఉన్నాడు, కానీ రాత్రి నిద్రపోయిన కళ్లు కావవి. కందిరీగ వెనకాలే అమ్మాయి రావడం చూసి ఇన్స్పెక్టర్ మూతి ముడిచాడు.

“ముద్దాయిని షికారు తిప్పుతున్నారేంటి మేడమ్? అరగంట అడిగారు, ఇచ్చాను. ఇంకా ఏం కావాలి?”

“ముద్దాయి కావడానికి ఇంకా టైముంది. మీ సాక్ష్యం ఒకసారి చూపించండి.”

ఇన్స్పెక్టర్ ఫైల్లోంచి అమ్మాయి జవాబు ప్రింటు తీసి బల్ల మీద పడేశాడు. “చూడండి. మూడూ ఇరవై. కళ్లజోడు కావాలంటే ఇస్తాను.”

“కింద ఇంకో కాయితం ఉందే?”

“అది పరీక్ష చేసేవాళ్లు పంపిన ప్రశ్న. కంప్యూటర్ల గొడవ. అందులో మనకేముంటుంది?”

“మనకే ఉంది. అమ్మాయ్, ఈ ప్రశ్న ఎవరిది?”

“వైవా కమిటీలో ఒక ఎగ్జామినర్ గారిది మేడమ్. వేరే దేశంలో ఉంటారు. ఆయన ప్రశ్నకే నేను జవాబిచ్చాను.”

“ఆయన పంపింది ఎన్నింటికి? మీరే చదవండి ఇన్స్పెక్టర్ గారూ. కళ్లజోడు నేనిస్తాను.”

ఇన్స్పెక్టర్ కాయితం అందుకున్నాడు. పెదాలు కదిలాయి. మళ్లీ మొదటికొచ్చి చదివాడు.

“మన టైము ప్రకారం మూడూ ముప్ఫై ఆరు,” అన్నాడు చివరికి.

“ప్రశ్న మూడూ ముప్ఫై ఆరుకి వస్తే, ఈ పిల్ల మూడూ ఇరవైకే జవాబిచ్చేసిందా? ఏం, కలగన్నదా?”

“ఆ ఎగ్జామినర్ గడియారమే తప్పేమో.”

“తప్పే అనుకుందాం. ఎవరి గడియారం ఎలా చచ్చినా, ప్రశ్న రాకుండా జవాబు వెళ్లదు. దీనికి గడియారమే అక్కర్లేదు. రెండు గడియారాల్లో ఒకటి తప్పని తేలిపోయింది, కావాలని గడియారాలు తప్పుగా పెట్టుకునే ల్యాబ్ ఈ పిల్లదే కదా? మూడూ ముప్ఫై ఆరుకి వచ్చిన ప్రశ్న చదివి, జవాబు రాసి, మూడూ నలభై రెండుకి కింది అంతస్తులో కుర్చీ అడ్డుపెట్టి మీట నొక్కిందంటారా?”

“కుర్చీ ఏంటి?” అన్నాడు ఇన్స్పెక్టర్.

“హ్యాండిల్ కింద గీత ఉంది. మీవాళ్లు చూడలేదు.”

ఇన్స్పెక్టర్ జేబులోంచి ఫోన్ తీసి చూసి, రెండు మాటలేవో కొట్టి మళ్లీ జేబులో పడేశాడు. “మాటలు బాగా నేర్చారు మేడమ్. పొద్దున్న నేను చూసినప్పుడు గడియారాలన్నీ సరిగ్గా ఉన్నాయి. కోర్టులో నేను అదే చెబుతాను.”

కందిరీగ ఆ మాట విననట్టే హెడ్ గారి బల్ల చుట్టూ తిరిగి, ఆయన కంప్యూటర్ తెర వైపు చూసింది.

“ఏమండీ, మీ గడియారం కాస్త తొందరపడుతున్నట్టుందే. నాకు నాలుగూ పంతొమ్మిది. మీకు నాలుగూ పాతిక.”

హెడ్ గారి ముఖంలో, పాపం, నిజంగానే చిన్న నవ్వు వచ్చింది. మాస్టారి పేరెత్తితే వచ్చే నవ్వు కాబోలు అది. “పాత అలవాటండీ. మాస్టారి దగ్గర చేరిన రోజు ఆయన నా మిషన్ని ఆరు నిమిషాలు ముందుకి తిప్పారు. ఆ తర్వాత ఎన్ని మిషన్లు మారినా నేను ఆ ఆరు నిమిషాలూ...”

అక్కడితో ఆగిపోయాడు. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, కింద మనిషి మాత్రం మారిపోయాడు.

“కింద ల్యాబ్‌లో ఉన్నవన్నీ కూడా ఇప్పుడు సరిగ్గా ఆరు నిమిషాలే ముందున్నాయి,” అంది కందిరీగ మెల్లగా. “ఇరవై, పాతికేళ్లుగా మీరు దాచుకున్న ఆరు నిమిషాలు. ఇంకెవరి దగ్గరా ఉండవు కదా?”

అమ్మాయి హెడ్ గారినే గుడ్లప్పగించి చూస్తోంది. చివరికి ఆయన గొంతు సవరించుకున్నాడు.

“సరే, నేనే సరిచేశాను. పోలీసులు వస్తున్నారు, ల్యాబ్ పద్ధతిగా ఉండాలనుకున్నాను. ఇక్కణ్ణుంచే అన్నిటికీ నా టైము పెట్టేశాను. గడియారం దిద్దడం నేరమా?”

“నేరం కాదు. కానీ పాతికేళ్లు గడియారం దిద్దని మనిషి నిన్న రాత్రే ఎందుకు దిద్దాడు? ఈ పిల్ల ప్రాణం ఆ గడియారం మీదే ఉందని తెలిస్తే తప్ప దాని జోలికి వెళ్లే పనే లేదు. ఆ సంగతి మీకెవరు చెప్పారు?”

“ల్యాబ్‌లో అందరికీ తెలుసు...”

“గడియారాలు తప్పని అందరికీ తెలుసు. గంట మోగేటప్పుడు తను జవాబు పంపుతోందనీ, తన గడియారం వెనకనీ ఈ పిల్ల చెప్పుకుందని ఎవరికి తెలుసు? అమ్మాయ్, నిన్న రాత్రిలోగా ఆ మాట ఎవరెవరికి చెప్పావు?”

“స్టేట్‌మెంట్‌లోనే మేడమ్. ఇంకెవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడనివ్వలేదు.”

కందిరీగ ఇన్స్పెక్టర్ వైపు తిరిగింది. “స్టేట్‌మెంట్ రాసుకున్నది రైటరా?”

“నా కేసుల్లో రైటర్లూ గీటర్లూ ఉండరు. తలుపేసి నేనొక్కణ్ణే అడుగుతాను. ఇంకా కాయితం మీద కూడా పెట్టలేదు. నా కేసు నా నోరు దాటి పోదు మేడమ్, డిపార్ట్‌మెంట్‌లో ఎవర్నైనా అడగండి.” గొప్పగానే చెప్పాడు. చెప్పాక గాని తెలియలేదు, ఎక్కడ కాలేశాడో.

“అడగక్కర్లేదు,” అంది కందిరీగ. “మాట చేరకుండా ఎవరికీ ఏదీ తెలియదు. ఆ మాట ఈ పిల్ల నోట్లోంచి ఒక్క చెవిలోకే వెళ్లింది. రాత్రికి రాత్రి హెడ్ గారి దగ్గరికి చేరింది. మధ్యలో ఉన్నది మీరొక్కరే.”

ఇన్స్పెక్టర్ సోఫాలోంచి లేచాడు. తొందరేమీ పడలేదు. తలుపు దగ్గరికెళ్లి, బయట ఉన్న కానిస్టేబుల్‌ని జీపు దగ్గర ఉండమని చెప్పి, తలుపు మూసి గడియ వేశాడు. తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

కందిరీగ అమ్మాయిని చెయ్యి పట్టుకుని తన వెనక్కి లాక్కుంది.

“వద్దురా,” అన్నాడు హెడ్ గారు. “చాలు. తలుపు తియ్యరా.”

“నువ్వూరుకో బావా.”

ఆ ఒక్క పిలుపుతో కందిరీగకి మిగతాదంతా అర్థమైపోయింది. అక్క మొగుడు. కేసు ఈయన చేతికే ఎలా వచ్చిందో, ఎవరు అడిగి వేయించుకున్నారో ఇప్పుడు తెలిసింది.

“మా అక్క నిన్న సాయంత్రం నా కాళ్లు పట్టుకుని ఏడ్చింది,” అన్నాడు ఇన్స్పెక్టర్. గొంతులో మొదటిసారి దర్పం లేదు. “ఇద్దరు పిల్లల తల్లి. నన్ను పెంచింది. దాన్ని అలా చూసి ఊరుకోమంటారా? ఈ పిల్లకెవరున్నారు? నాలుగేళ్లకి బయటికొచ్చేస్తుంది.”

“నాకూ ఒక అక్కుంది సార్,” అంది అమ్మాయి.

హెడ్ గారు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. “లోపల ఆయనున్నారని నాకు తెలియదు. తలుపు పక్కన తెరలో ఈ అమ్మాయి పేరే ఉంది. సోమవారం వైవా జరగకపోతే ఆ తప్పు బయటికి రాదనుకున్నాను. ఒక్కసారి తలుపు కొట్టి, లోపలెవరని అడిగి ఉంటే... నా గురువండీ ఆయన. ఆయన ఇంట్లో తిని చదువుకున్నాను.”

అమ్మాయి ముఖం పాలిపోయింది. నిన్న ఆ గదిలో చావాల్సింది తనన్నమాట. బల్ల అంచు పట్టుకుంది. ఆ మనిషి తన థీసిస్ ప్రతి పేజీ మీదా సంతకం పెట్టినవాడు.

“బావా, నోరు ముయ్యమన్నానా?” ఇన్స్పెక్టర్ గడియ మీంచి చెయ్యి తియ్యలేదు. “వినండి మేడమ్. ఈ పిల్ల మిషన్ నా జీపులో ఉంది. దారిలో కింద పడుతుంది. స్టేట్‌మెంట్ నా తలలో ఉంది. గడియారం మాటే ఆ పిల్ల ఎత్తలేదంటాను. ఆ కాయితాలు,” అంటూ వచ్చి బల్ల మీది ప్రింట్లు తీసి నాలుగుగా చింపాడు, “ఇవిగో. ఇప్పుడు మీ దగ్గరేముంది? మాటలు తప్ప?”

కందిరీగ వెనకనుంచి అమ్మాయి మాట్లాడింది. మాట తడబడలేదు.

“ఆ ప్రశ్న నా ఒక్కదానికే రాలేదు సార్. కమిటీలో అయిదుగురున్నారు, అయిదు దేశాల్లో. ప్రశ్నా, నా జవాబూ అయిదుగురికీ వెళ్లాయి. ఏది ముందు చేరిందో, ఏది వెనక చేరిందో అయిదు చోట్లా ఉంటుంది. ఒకే చోట ఉన్నదాన్ని ఉన్నట్టు లెక్కపెట్టకూడదని మాస్టారు మొదటి రోజే చెప్పారు. అందులో ఏ ఇద్దరి దగ్గర పోయినా మిగతా ముగ్గురూ చెబుతారు. మీరు జీపులో ఎన్ని మిషన్లు పెట్టుకోగలరు?”

ఇన్స్పెక్టర్ బావ వైపు చూశాడు. “నిజమేనా?”

హెడ్ గారు చేతులు దించకుండానే తలూపాడు.

ఇన్స్పెక్టర్ వెనక్కెళ్లి మళ్లీ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. గదిలో అటూ ఇటూ చూశాడు. అప్పుడే కందిరీగ ఫోన్ మోగింది. మాస్టారి భార్య. కందిరీగ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఫోన్ ఎత్తి, అందరికీ వినపడేలా స్పీకర్ నొక్కింది.

“అమ్మా,” అంది అవతలి గొంతు, ఎప్పట్లాగే గుసగుసగా, “ఆయన కళ్లు తెరిచారమ్మా. నన్ను చూశారు. ఏదో చెప్పబోయారు.”

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హెడ్ గారు చివాలున తలెత్తాడు.

“ఏమన్నారు?” అంది కందిరీగ.

“చెప్పనివ్వలేదు. గది బయట కాపలా ఉన్న కానిస్టేబుల్ లోపలికొచ్చాడు. ఇన్స్పెక్టర్ గారి నుంచి మెసేజ్ వచ్చిందట, ఎవరూ ఉండకూడదట. నన్ను బయటికి పంపేశాడు. నర్సుని కూడా పంపేశాడు. ఆక్సిజన్ గొట్టం సరిచెయ్యాలి, ఊడిపోయేలా ఉందని ఆ పిల్ల బతిమాలుతోంది, వినడం లేదు. తలుపేసుకున్నాడమ్మా. లోపలి నుంచి వేసుకున్నాడు. నేనేం చెయ్యను?”

కందిరీగ ఇన్స్పెక్టర్ ముఖంలోకి చూసింది. ఇందాక ఫోన్‌లో కొట్టిన ఆ రెండు మాటలు ఏమిటో అక్కడ రాసినట్టే ఉంది. ఇక్కణ్ణుంచి ఆసుపత్రికి ఎంత పరుగెత్తినా అందదు. తలుపుకి అడ్డంగా మనిషి. ఐదు కావడానికి ఇంకా అరగంట ఉంది, ఆ అరగంట ఇప్పుడెవరికీ పనికిరాదు.

“అమ్మా, నేను చెప్పేది వినండి. మీ దగ్గర్లో ఎంతమంది ఉన్నారు?”

“వరండా నిండా ఉన్నారమ్మా. రోగుల తాలూకు వాళ్లు, డాక్టర్లు పోతున్నారు, వస్తున్నారు. ఎవరూ ఇటు చూడటం లేదు.”

“అరవండి.”

“ఏమిటమ్మా?”

“మీ ఆయనకి మెలకువ వచ్చిందనీ, పోలీసువాడు లోపల తలుపేసుకున్నాడనీ అరవండి. ఒకరికి చెప్పొద్దు, అందరికీ వినపడాలి. ఆ వరండాలో ఉన్న ప్రతి మనిషీ ఆ తలుపు దగ్గరికి రావాలి. ఒక్కరికి తెలిసినదాన్ని నొక్కెయ్యగలరు, వందమందికి తెలిసినదాన్ని నొక్కలేరు. అరవండమ్మా.”

“నేనెప్పుడూ గట్టిగా మాట్లాడలేదమ్మా. నాకు గొంతు రాదు,” అంది ఆవిడ.

“ఫోన్ కట్ చేయండి,” అని ఇన్స్పెక్టర్ ముందుకు దూకాడు. ఆ దూకులో తలుపు వదిలేశాడు. హెడ్ గారు కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ వచ్చి, తన బావమరిదిని రెండు చేతులతో నడుము దగ్గర వాటేసి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి సోఫా మీద పడ్డారు. అమ్మాయి పరుగున వెళ్లి గడియ తీసింది.

ఫోన్‌లో ముందు ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, నలభై ఏళ్ల కాపురంలో పక్కింటికి కూడా వినపడని ఆ గొంతు, గదిలో నలుగురూ ఉన్నచోటే ఆగిపోయేలా పెట్టింది కేక.

“అందరూ ఇటు రండి. మా ఆయన బతికే ఉన్నాడు. లోపల ఆయన్ని చంపేస్తున్నారు, అందరూ రండి.”

వరండాలో వందల కాళ్ల చప్పుడు ఒక్కసారిగా మొదలైంది.